మైకేల్ ఫారడే మొగమాటమును జయించిన విధము

మొగమాటమను మాటకు సరియైన ఇంగ్లీషు మాట యేదియో మాకు నేటివరకును దొరకలేదు. అది సిగ్గు కాదు, భయము కాదు, దయయు కాదు. ఎదుటివాని మొగము చూచిన పిమ్మట లేదనుటకు నోరు రాకపోవుటయే దాని లక్షణము. పరీక్ష రేపనగా తన నోటుపుస్తకమును స్నేహితునికిచ్చి, తాను చదువుకొనుటకు లేక రాత్రియంతయు మథనపడు బాలుడు దీనికి లోబడినవాడే. బంధువుని అప్పుపత్రముమీద హామీగా చేవ్రాలు చేసి, ఇంటికి వచ్చి భార్యతో చెప్పుటకు వెరచు తండ్రియు దీనికి లోబడినవాడే. ఒకవేళ ధైర్యము తెచ్చుకొని లేదనినను, అట్లనినందులకు వారము దినములు మనస్సు కుములుచుండును. ఇచ్చినను బాధయే, ఈయకున్నను బాధయే.

ఈ చిక్కును గూర్చి నీతివాక్యములు వ్రాయుటకంటె ఒక మహనీయుని జీవితమును చెప్పుట మేలని తలచి, మైకేల్ ఫారడే చరిత్రమును ఎన్నుకొంటిమి. పై తరగతుల విద్యార్థులకు ఆయన పేరు క్రొత్తది కాదు. తీగచుట్టలోనికి అయస్కాంతమును త్రోసి వెలికి తీయునప్పుడు సూది కదలుటను వారు విజ్ఞానశాస్త్రపు గదిలో చూచియే యుందురు. అది ఆయన కనిపెట్టిన సంగతియే. మన యిండ్లలో దీపములు వెలిగించు విద్యుచ్ఛక్తిలో ఎక్కువ పాలు నేటికిని ఆ ధర్మముననుసరించియే పుట్టుచున్నది. అయితే దానిని కనిపెట్టుటకు ముందు ఆయన ఒక పనిని విడిచిపెట్టవలసి వచ్చెననియు, పెద్దలు అప్పగించిన దానిని ఇక చాలునని వారితోనే చెప్పవలసి వచ్చెననియు పాఠ్యపుస్తకములు చెప్పవు. మేము చెప్పబూనినది ఆ భాగమే.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను నగరపుటంచున న్యూయింగ్టన్ బట్స్ అనుచోట జన్మించెను. తండ్రి జేమ్స్ కమ్మరి. పని వెదకికొనుచు ఉత్తరముననున్న వెస్ట్‌మోర్లండు సీమనుండి వచ్చినవాడు. దేహస్థితి చెడుటచే అతని కొలిమి ప్రతిదినము రగులుటలేదు. నలుగురు బిడ్డలలో మైకేల్ మూడవవాడు. చదువుట, వ్రాయుట, కొంత లెక్క, ఇంతకు మించి బడిలో నేర్చినది లేదు. 1804లో రీబో అను ఫ్రెంచి దేశస్థుని పుస్తకపు దుకాణములో వార్తాపత్రికలను ఇంటింటికి చేరవేయు కుర్రవాడుగా కుదిరెను. కుర్రవాని నడత మెచ్చి ఆ యజమానుడు మరుసటి సంవత్సరము రుసుము పుచ్చుకొనకయే, పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్పుటకు ఏడేండ్ల ఒప్పందముపై చేర్చుకొనెను. కట్టుటకు వచ్చిన పుస్తకములను మైకేల్ చదువుచుండెను. ఒక విజ్ఞానసర్వస్వములోని విద్యుచ్ఛక్తి వ్యాసమును, శ్రీమతి మార్సెట్ రచించిన రసాయనశాస్త్ర సంభాషణలను అట్లే చదివెను.

1812లో దుకాణమునకు వచ్చుచుండిన డాన్సు అను పెద్దమనిషి ఆయనకు రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సర్ హంఫ్రీ డేవీ చేయు ఉపన్యాసములకు చీటీలు ఇచ్చెను. డేవీ నాటి రసాయనశాస్త్రజ్ఞులలో మేటి. ఫారడే నాలుగు ఉపన్యాసములు విని, వ్రాసికొనిన దానిని విస్తరించి, బొమ్మలు గీచి, తన చేతితో అట్ట కట్టెను. అంతకుముందు పని కోరుచు రాయల్ సొసైటీ అధ్యక్షునకు జాబు వ్రాసి జవాబుకొరకు పోగా, జవాబేమియు లేదని ద్వారపాలకుడు చెప్పి పంపివేసెనట. ఈసారి ఆ పుస్తకమును డేవీకి పంపెను. డేవీ పిలిపించి ఆదరముతో మాటలాడెను. కాని ఖాళీ లేదనియు, చేతిలోనున్న వృత్తిని విడువవలదనియు చెప్పెను. ఈ రెండును నిరాకరణములే. మొదటిదానిలో మనిషిని లెక్కచేయకుండుట కలదు, రెండవదానిలో లేదు. పిమ్మట తన జీవితమంతయు ఇతరులకు లేదని వ్రాయవలసివచ్చిన ఫారడేకు ఆ భేదము ఇరువదియొక్క యేండ్లకే అనుభవమునకు వచ్చినది.

కొలది నెలలకు ప్రయోగశాలలో సహాయకుని చోటు ఖాళీపడెను. 1813 మార్చి 1వ తేదీన ఫారడే ఆ పనిలో ప్రవేశించెను. వారమునకు 25 షిల్లింగుల జీతము, మేడపైన రెండు గదులు, బొగ్గులు, కొవ్వొత్తులు. కమ్మరి కుమారునికి అది స్వర్గమే.

అయితే ఆ స్వర్గమున ప్రవేశించినవాడు ఎవరికిని లేదనజాలని స్థితిలోనుండెను. ఆ సంవత్సరము అక్టోబరులో డేవీ సతీసమేతుడై ఐరోపా ఖండయాత్రకు బయలుదేరెను. ఆయన పరిచారకుడు యుద్ధకాలమున శత్రుదేశమునకు రానని చివరి ఘడియలో నిలిచిపోయెను. పారిసులో మరియొకని కుదుర్చుకొనువరకు ఆ పనులు కూడ చూచుకొమ్మని డేవీ ఫారడేను అడిగెను. ఫారడే సరేయనెను. పారిసులో ఎవరును కుదరలేదు. తరువాతి పట్టణములలోను కుదరలేదు. కొన్ని దినములకని ఒప్పుకొన్న ఊడిగము పదునెనిమిది నెలలు సాగెను. డేవీ భార్య ఆయనను నౌకరుగానే చూచెను. స్నేహితుడైన ఆబట్‌కు వ్రాసిన జాబులలో ఫారడే ఈ బాధను వెళ్లబోసికొని, పని వదలి ఇంటికి వచ్చివేయుదునా యని కూడ తలపోసెను. కాని వదలలేదు. వదలియుండవలసినదని ఈ కాలపు చదువరులు తేలికగా అనవచ్చును. మా అభిప్రాయ మట్లు కాదు. కాదనుటకు కాలు మోపు నేల యుండవలెను. నాడు ఆయనకు అది లేదు. పైగా ఆ యాత్రలోనే ఆంపియరును, వోల్టాను కన్నులార చూచెను. ఫ్లారెన్సులో గొప్ప కటకముతో సూర్యకిరణములను కూర్చి వజ్రమును దహించుటను చూచెను. విశ్వవిద్యాలయపు ముఖ మెరుగని యువకునికి అదియే విశ్వవిద్యాలయము.

తిరిగివచ్చిన పిమ్మటి యభివృద్ధిని క్లుప్తముగా చెప్పెదము. 1821 జూనులో సారా బార్నర్డును వివాహమాడెను. వారికి సంతానము కలుగలేదు. మరుసటి నెలలో తన తల్లిదండ్రుల సంఘమగు సాండిమనీయుల సంఘమున విశ్వాసము ఒప్పుకొని చేరెను. అది చిన్న సంఘము. ఆదివారమున అందరును కలిసి భుజింతురు. ధనము కూడబెట్టుట వారికి సమ్మతము కాదు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. అదే సంవత్సరమున విద్యుత్ప్రవాహముచేత తీగ అయస్కాంతము చుట్టును తిరుగునట్లు చేసి చూపెను. 1823లో క్లోరిను వాయువును ద్రవముగా మార్చెను. 1824లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. అప్పటి అధ్యక్షుడైన డేవీయే దానికి అడ్డుపడుట విచారకరము. 1825లో ప్రయోగశాలాధిపతియై, ఆ యేడే బెంజీనును కనిపెట్టెను.

పేరు వచ్చినకొలది అడుగువారు పెరిగిరి. ఒకరు నీరు పరీక్షింపుమని, ఒకరు మట్టి పరీక్షింపుమని, మరియొకరు న్యాయస్థానములో నిపుణుడుగా సాక్ష్యమిమ్మని. వీటన్నిటికంటె బరువైనది గాజు పని. దూరదర్శినులకు తగిన దోషరహితమైన గాజును ఇంగ్లండులో తయారుచేయుటకై రాయల్ సొసైటీవారు ఒక సంఘము నేర్పరచి, 1825లో ఆ భారమును ఫారడేపై మోపిరి. అడిగినది డేవీ అధ్యక్షుడుగానున్న సభ. పని యిచ్చి చేరదీసిన గురువునకు శిష్యుడు ఏమని లేదనగలడు? ఒప్పుకొనెను. 1827లో రాయల్ ఇన్‌స్టిట్యూషనులోనే కొలిమి కట్టిరి. దానిని కనిపెట్టియుండుటకు ఫిరంగిదళములో పనిచేసి వచ్చిన సార్జెంటు ఆండర్సన్ అను నతనిని నియమించిరి.

ఈ ఆండర్సన్‌ను గూర్చి ఒక కథ చెప్పుదురు. ఒకనాటి సాయంకాలము ఇంటికి పొమ్మని చెప్పుటకు ఫారడే మరచెనట. మరునాటి ఉదయమున వచ్చి చూడగా అతడు ఇంకను కొలిమిలో బొగ్గులు వేయుచునే యుండెను. పిల్లలు ఈ కథ విని నవ్వుదురు. మాకు మాత్రము ఇది సేవకుని కథగా కాక యజమానుని కథగా తోచును. ఆ సంవత్సరములలో ఫారడే తానును అట్లే, పొమ్మని ఎవరును చెప్పనందున, పరులు రగిల్చిన కొలిమియొద్ద నిలిచియుండెను. డేవీ 1829లో మరణించెను, కొలిమి చల్లారలేదు. అయస్కాంతమునుండి విద్యుత్తును పుట్టింపవచ్చునను తలంపు ఆయన మనస్సులో ఎన్నియో యేండ్లుగా మెదలుచుండెను. 1824లో కొంత, 1825లో కొంత, 1828లో కొంత ప్రయత్నించి విడిచిన గురుతులు ఆయన దినచర్యపుస్తకములో కలవు. తీరిక యున్నప్పుడు చేయుదమనుకొన్న పని యెట్టి గతి పొందునో మన విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు.

1831 జూలైలో ఆయన రాయల్ సొసైటీకి జాబు వ్రాసి, గాజు పనిని ప్రస్తుతము ప్రక్కకు పెట్టుటకు అనుమతి కోరెను. అందు కలహము లేదు, నింద లేదు, పొడుగైన క్షమార్పణమును లేదు. చేసినంత పనిని చక్కగా అప్పగించి, ఇతర విషయములపై తన తలంపులను తాను నడుపుకొనుట కిష్టమని తెలిపెను. ఆగస్టు 29వ తేదీన, ఆరంగుళముల వ్యాసముగల మెత్తని ఇనుప కడియమునకు ఇరువైపుల రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానిలో ప్రవాహమును కలిపినప్పుడును విడదీసినప్పుడును రెండవదానికి కలిపిన సూది కదలుటను చూచెను. అక్టోబరు 17న కడియము లేకయే, తీగచుట్టలోనికి అయస్కాంతపు కడ్డీని త్రోసి అదే ఫలమును పొందెను. నవంబరు 24న ఆ సంగతి రాయల్ సొసైటీలో చదువబడెను. గాజును విడిచినందుననే ఇది దొరకెనని మేము లెక్కకట్టి చెప్పజాలము. కాని ఆ వర్షాకాలపు దినములు, రాత్రులు ఆయనవై యుండినవి. అంతకుముందటి యేండ్లలో అట్లుండలేదు.

దీని పిమ్మట ఫారడే పరుల పరీక్షల పనిని కూడ త్రోసివేసెను. ఈ భాగము లెక్కలతో చెప్పవలసినది. శిష్యుడును, మిత్రుడును అగు టిండల్ ఆయన లెక్కపుస్తకములను చూచి తెలిపిన ప్రకారము, 1830లో ఆ పనులవలన వచ్చిన ఆదాయము వేయి పౌనులకు పైబడినది. 1832లో అది సుమారు 155 పౌనులకు దిగెను. 1838 నాటికి శూన్యము. రాయల్ ఇన్‌స్టిట్యూషను ఆయనకిచ్చు జీతము సంవత్సరమునకు నూరు పౌనులు, ఇల్లు, బొగ్గులు, కొవ్వొత్తులు; 1833లో ఫుల్లర్ అను దాత నెలకొల్పిన ఆచార్యపదవివలన మరి నూరు పౌనులు. కోరినచో లక్షాధికారి కాగలవాడు ఈ కొంచెముతో తృప్తినొందెను. ఇల్లు నడుపుకొనిన సారా అమ్మగారి పాలు కూడ ఈ త్యాగములో కలదని మేము తలంతుము; చరిత్రకారులు ఇట్టి పాలును తరచుగ మరతురు.

ఇందులో గమనింపదగిన దొకటి యున్నది. వచ్చిన ప్రతివాని మొగము చూచి, ఇతనికి చేయుదునా, మానుదునా యని ఆయన తర్కించుకొనలేదు. ప్రైవేటు పరీక్షలు చేయనని ఒక్కసారి నియమము పెట్టుకొనెను. ఒకనికి చేసి మరియొకనికి లేదనినప్పుడు కోపము పుట్టును. ఎవరికిని చేయనివానిమీద ఎవరికిని కోపము రాదు. విందుల విషయమునను అంతే. లండనులోని గొప్ప యిండ్లనుండి పిలుపులు వచ్చుచుండగా, విందులకు పోనను వాడుక పెట్టుకొనెను. వారములో కొన్ని దినములు సందర్శకులను చూడకుండెను. పిలిచినవారికి మర్యాదగల చిన్న జాబు పోవుచుండెను. పనిలేని సాకులు కల్పించి వ్రాయుట ఆయన యెరుగడు. కల్పించిన సాకుతో లేదనువానికి రెండు బాధలు: లేదనిన బాధ యొకటి, అబద్ధము బయటపడునేమోయను బాధ యొకటి.

కృతజ్ఞతచేత ఇచ్చుట మనకు తెలిసినదే. కృతజ్ఞతచేత నిరాకరించుటయు కలదు. 1827లో లండనులో క్రొత్తగా నెలకొన్న విశ్వవిద్యాలయమువారు రసాయనశాస్త్రాచార్య పదవిని ఇయ్యజూపిరి. రాయల్ ఇన్‌స్టిట్యూషను అప్పుడు ధనము లేక కూలిపోవు స్థితిలోనుండెను. పదునాలుగేండ్లుగా తన్ను పోషించి జ్ఞానమిచ్చిన యింటిని ఆ దినములలో విడుచుట తగదని ఫారడే తెలియజేసెను. ఒకరికి లేదనుట మరియొకరికి పూర్వమే ఔనని యుండుట. ఎవరికి ఔననియున్నామో మనకు స్పష్టముగా తెలిసినప్పుడు లేదను మాట నోటికి అంత చేదుగా నుండదు.

అయితే ఫారడే చేసిన ప్రతి నిరాకరణమును సరళముగా జరిగెనని అనుకొనరాదు. 1835లో ప్రభుత్వమువారు ఆయనకు భరణమీయ తలపెట్టిరి. తన కష్టముతో జీవింపగలిగినంతకాలము పుచ్చుకొననని జాబు వ్రాయబోగా మామగారు వారించెను. అక్టోబరు 26న ప్రధానమంత్రి లార్డ్ మెల్బోర్న్ ఆయనను పిలిపించెను. శాస్త్రజ్ఞులకును, గ్రంథకర్తలకును భరణము లిచ్చుటయే బూటకమను అర్థముగల మోటుమాట యొకటి మాటలాడుచు వాడెను. ఫారడే వాదింపలేదు. ఇంటికి వచ్చి ఆ సాయంకాలమే తనకు భరణ మక్కరలేదని చీటి వ్రాసి మంత్రి కార్యాలయమున ఇచ్చి వచ్చెను. సంగతి పత్రికల కెక్కెను. తాను కోరని రచ్చ జరుగుచున్నదని ఆయన మిక్కిలి నొచ్చుకొనెను. రెండువైపుల తెలిసిన యొక దొరసాని మధ్యవర్తియై, ఏమి చేసిన సమ్మతింతువని అడుగగా, మంత్రి వ్రాతమూలముగ క్షమాపణ చెప్పవలెనని ఫారడే తెలిపెను. ఆయన అట్టిది ఆశించి చెప్పలేదు. మెల్బోర్న్ నిజముగా వ్రాసి పంపెను. ఆ సంవత్సరాంతమున సంవత్సరమునకు 300 పౌనుల భరణము మంజూరుకాగా ఫారడే పుచ్చుకొనెను.

ఈ ఘట్టములో మంత్రియు మాకు గౌరవనీయుడుగానే కనబడుచున్నాడు. ఇంగ్లండు దేశపు ప్రధానమంత్రి కమ్మరి కుమారునికి క్షమాపణ వ్రాయుట చిన్న సంగతి కాదు. ఫారడే విషయమున మాకు నచ్చినది, కారణము తొలగగానే నిరాకరణమును ఉపసంహరించుకొనుట. లేదనిన మాటను గౌరవముకొరకు పట్టుకొని వ్రేలాడుట మొగమాటమునకు తమ్ముడే.

అడిగినవారికెల్ల లేదనువాడు లోభి కదాయని ఎవరైన అనినయెడల, ఆయన కాదననివి చూడవలెను. 1836లో నావికులకొరకు దీపస్తంభములను నిర్వహించు ట్రినిటీ హౌస్‌వారికి శాస్త్రవిషయములలో సలహాదారయ్యెను. ఎక్కువ పుచ్చుకొనగలిగియు సంవత్సరమునకు 200 పౌనులతో సరిపెట్టుకొని, సుమారు ముప్పదియేండ్లు పనిచేసెను. దీపపు గదుల అద్దములమీద చెమ్మ పట్టకుండ పొగగొట్ట మమర్చు పద్ధతి నొకటి కనిపెట్టి, దాని హక్కును తమ్ముడను మాట పాటింపక అన్నయగు రాబర్టునకిచ్చెను. 1860 ఫిబ్రవరిలో, అరువదియెనిమిదేండ్ల వయస్సున, సౌత్ ఫోర్లాండ్ దీపస్తంభములోని విద్యుద్దీపమును పరీక్షించుటకు పోగా మంచుచే దారి మూసుకొనిపోయెను. ఒకసారి తిరిగివచ్చి, మరల పోయి, కంచెలును గోడలును దాటి పొలములమీదుగా నడిచి దీపము చేరెను. ఆ దీపమును వెలిగించిన యంత్రము 1831లో తాను కనిపెట్టిన ధర్మముచేతనే నడచుచుండెను.

1844 సెప్టెంబరు 28న డర్హాము సీమలోని హాస్వెల్ బొగ్గుగనిలో వాయువు మండి 95 మంది పురుషులును, బాలురును మరణించిరి. విచారణకు ఫారడేను, భూగర్భశాస్త్రజ్ఞుడైన లయెల్‌ను పోవలసినదిగా ప్రభుత్వము కోరెను. ఫారడే తొలుత వెనుదీసెనని లయెల్ వ్రాసియున్నాడు. ఒప్పుకొనిన పిమ్మట మాత్రము ఆ పనికే పుట్టినవానివలె సాక్షులను ప్రశ్నించెను. గనిలో గాలి వేగమును కొలుచుట యెట్లని అడుగగా, ఒకడు కొవ్వొత్తి మంటలో తుపాకిమందు చిటికెడు చల్లి పొగ పోవుటను చూపెను. ఆ మందు ఎక్కడ దాచుదురని ఫారడే అడిగెను. మూతి గట్టిగా కట్టిన సంచిలోననిరి. ఆ సంచి యెక్కడనగా, తాను కూర్చుండినది దానిమీదనేయని తెలిసెను! ఆయన లేచి వారి అజాగ్రత్తను ఎట్లు మందలించెనో పాఠకులు ఊహించుకొనవచ్చును. వాయువు మాత్రమే కాదు, బొగ్గు ధూళియు మండి విపత్తును పెంచినదని వారిరువురును నివేదించిరి. గని యజమానులు ఆ మాటను చాల యేండ్లు చెవిని బెట్టలేదు. ఆ చెవిటితనమునకు వెల చెల్లించినవారు కూలివారు.

పిల్లలకును ఆయన లేదనలేదు. రాయల్ ఇన్‌స్టిట్యూషనులో బాలబాలికలకై జరుగు క్రిస్మసు ఉపన్యాసములను 1827 మొదలు 1860 వరకు పందొమ్మిది మారులు తానే నడిపెను. కొవ్వొత్తి మంటను గూర్చిన ఉపన్యాసములు పుస్తకమై లోకమంతట వ్యాపించినవి. సంఘములో రోగుల యిండ్లకు పోవుట, బీదలకు గుట్టుగా సహాయము చేయుట, సంఘపెద్దగా వాక్యము చెప్పుట, ఇవి ప్రయోగముల నడుమ కూడ సాగినవి. మంత్రుల విందుకు లేని తీరిక, మంచముపట్టిన సంఘస్థుని మేడమెట్లెక్కుటకు కలిగినది.

1839 చివర ఆయన ఆరోగ్యము చెడెను. తల తిరుగుట, జ్ఞాపకశక్తి తరుగుట. 1841లో కొన్ని నెలలు స్విట్జర్లండులో విశ్రమించెను. పైకి చూచువారికి మనిషి దృఢముగానే కనబడుచుండెను; కొండలలో దినమునకు పలు మైళ్లు నడువగలిగెను. అట్టివాడు చదువుటకును, సభలకు వచ్చుటకును శక్తి లేదనినప్పుడు నమ్ముట కష్టము. కనబడని జబ్బును చెప్పి లేదనుటకు ఎక్కువ ధైర్యము కావలెనని, ఇంటిలో అట్టివారున్నవా రెరుగుదురు. ఆ వ్యాధి ఆయనను పూర్తిగా విడువలేదు. అయినను 1845 సెప్టెంబరులో అయస్కాంతశక్తి వెలుగుమీద కూడ పనిచేయునని నిరూపించెను. దానికి తోడ్పడినది ఏది? నాడు విసిగి విడిచిన బరువైన గాజు ముక్క! ఇష్టములేక చేసిన పనియంతయు వ్యర్థమని చెప్పబోవు మా కలమును ఈ గాజు ముక్క ఆపుచున్నది.

ఫారడే నిరాకరణములలో ఒకదానిని లోకము పెంచి చెప్పుచున్నది. క్రిమియా యుద్ధమున విషవాయువు చేయుమని ప్రభుత్వము కోరగా ధర్మబుద్ధితో కాదనెనని పెక్కు పుస్తకములలో కలదు. 1854లో జరిగినది, గంధకపు పొగతో కోటలను పట్టు ఉపాయమొకదానిపై ఆయన అభిప్రాయ మడుగుటయు, అది ఆచరణలో ఫలించుట సందేహమని ఆయన తెలుపుటయు. మహాత్ములకు లేని సుగుణములను అంటగట్ట నక్కరలేదు. 1853లో బల్లలు తమంతట కదలుచున్నవని జనులు వెఱ్ఱిగా నమ్ముచుండగా, చేతులు పెట్టినవారే తమకు తెలియక త్రోయుచున్నారని చిన్న యంత్రముతో చూపి పత్రికకు వ్రాసెను. అప్పటినుండి ఆత్మలను పిలుచువారి ఆహ్వానములు అనేకములు వచ్చినవి. ఒకసారి శ్రద్ధగా పరీక్షించితిని కనుక మరల కాలము వ్యయపరుపనని 1864లో అట్టివారికి స్పష్టముగా తెలిపెను.

ఇక గౌరవముల సంగతి. సర్ బిరుదమును ఆయన అంగీకరింపలేదు. 1850ల చివర రాయల్ సొసైటీ పెద్దలు ఇంటికి వచ్చి అధ్యక్షపదవి స్వీకరింపుమని ప్రార్థించిరి. ఒకప్పుడు తన జాబుకు జవాబీయని పదవి అదియే. టిండల్ ఒప్పుకొనుమని బ్రతిమాలెను. ఫారడే భార్య అభిప్రాయ మడుగగా ఆమె వలదనెను. తుదివరకు వట్టి మైకేల్ ఫారడేగానే యుండ దలచితిననియు, ఆ గౌరవమును స్వీకరించినచో తన బుద్ధి నిర్మలముగా నుండునని పూచీపడజాలననియు ఆయన టిండల్‌తో చెప్పెను. పిమ్మట రాయల్ ఇన్‌స్టిట్యూషను అధ్యక్షపదవిని కూడ వలదనెను. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టునొద్ద ఒక యిల్లు ఇయ్యజూపగా, బాగుచేయించుటకు ధనము లేదని సంకోచించెను. రాణి ఆ ఖర్చును తానే భరించెను. అప్పుడు కృతజ్ఞతతో పుచ్చుకొనెను.

శక్తి తగ్గినకొలది పనులను ఒక్కొక్కటిగా అప్పగించుచు వచ్చెను. 1861లో పిల్లల ఉపన్యాసములనుండి విరమించెను. 1862లో చివరి శుక్రవారపు ఉపన్యాసము. 1865లో ట్రినిటీ హౌస్ పని. 1866లో ఆండర్సన్ చనిపోయెను. 1867 ఆగస్టు 25వ తేదీన హాంప్టన్ కోర్టు ఇంటిలో, తన చదువుగదిలో, కుర్చీలో కూర్చుండియే ఫారడే ప్రశాంతముగా ప్రాణము విడిచెను. ఇంగ్లండు తన గొప్పవారిని వెస్టుమినిస్టరు మందిరమున పాతిపెట్టును. ఫారడే దానిని కోరలేదు. ఆడంబరములేని సమాధి చాలునని ముందే చెప్పియుండెను. అట్లే బంధువులును, కొందరు స్నేహితులును మాత్రము వెంటరాగా హైగేటు శ్మశానవాటికలో సమాధి చేసిరి. రాతిమీద పేరును, పుట్టిన తేదీయు, మరణించిన తేదీయు చెక్కబడినవి.